రాళ్ల దుమ్ములో పనిచేసి మానేసినవారు ఊపిరితిత్తుల పరీక్షలు ఎలా చేయించుకోవాలి?

"క్రషర్ పని మానేసి ఎనిమిదేళ్లయింది, ఇప్పుడు మెట్లెక్కితే ఆయాసం వస్తోంది. ఇది ఆ దుమ్ము వల్లనేనా? ఏ పరీక్ష చేయించుకోవాలి, ఎక్కడికి వెళ్లాలి?" అనే ప్రశ్న చీమకుర్తి వైపు నుంచీ, కరీంనగర్ వైపు నుంచీ, గల్ఫ్‌లో రాయి కోసి తిరిగివచ్చిన వారి నుంచీ మాటిమాటికీ వస్తున్నందువల్ల, ప్రతిసారీ విడివిడిగా జవాబు చెప్పే బదులు మొత్తం పద్ధతిని ఒకచోట రాస్తున్నాను. ఇది వైద్యుడి సలహాకు బదులు కాదు. వైద్యుడి దగ్గరకు ఎలా వెళ్లాలో, ఏమి అడగాలో, చేతికొచ్చిన రిపోర్టులో ఏమి చూసుకోవాలో చెప్పడానికి మాత్రమే.

రాయిలోనూ ఇసుకలోనూ ఉండే సిలికా సన్నని ధూళిగా మారి ఊపిరితిత్తుల లోతుకు చేరి మచ్చలు కట్టడమే సిలికోసిస్. దీని గురించి రెండు సంగతులు గుర్తుంటే ఇక్కడికి చాలు. మొదటిది, పని మానేసినంత మాత్రాన ఈ జబ్బు ఆగదు; సాధారణంగా పదేళ్లు, అంతకు మించి దుమ్ములో ఉన్నవారికి వస్తుంది, దుమ్ము మరీ ఎక్కువైతే అయిదు నుంచి పదేళ్లలోపే బయటపడుతుంది, ఇసుక బ్లాస్టింగ్ వంటి పనుల్లో ఇంకా త్వరగా కూడా వచ్చిన సందర్భాలున్నాయి. రెండవది, కట్టిన మచ్చలను కరిగించే మందు లేదు, కానీ దాని వెంట వచ్చే క్షయను సకాలంలో పట్టుకుంటే నయం చేయవచ్చు. అందుకే ఆయాసం లేకపోయినా పరీక్ష అవసరం.

ఎవరు చేయించుకోవాలి

గ్రానైట్ క్వారీలలో డ్రిల్లింగ్ చేసినవారు, కటింగ్, పాలిషింగ్ యూనిట్లలో పనిచేసినవారు, కంకర క్రషర్లలో రాయి వేసినవారు, జల్లెడ దగ్గర నిలబడినవారు, మార్కాపురం పలకల పనివారు, గూడూరు, సైదాపురం ప్రాంతపు అభ్రకం గనులలోనూ పలుగురాయి పిండిమరలలోనూ పనిచేసినవారు, ఫౌండ్రీలలో ఇసుక అచ్చులు పగలగొట్టినవారు, బావులూ సొరంగాలూ తవ్వినవారు అందరూ ఈ కోవలోకి వస్తారు. బేతంచెర్ల, తాండూరు నాపరాయి ప్రధానంగా సున్నపురాయి కనుక గ్రానైట్ కంటే అందులో సిలికా తక్కువే, అయినా ఏళ్ల తరబడి పొడి కోత కోసినవారు మినహాయింపు అనుకోవద్దు. గల్ఫ్‌లో గానీ ఇక్కడ గానీ వంటగది గట్లకు వాడే కృత్రిమ క్వార్ట్జ్ పలకలు కోసినవారు మిగతా అందరికంటే ముందు వెళ్లాలి. ఆ పలకలో సిలికా తొంభై శాతానికి పైగా ఉండవచ్చు, ఆ కారణంగానే ఆస్ట్రేలియా 2024 జూలై 1 నుంచి దానిని నిషేధించింది.

క్రషర్ దగ్గర తట్టలు మోసిన ఆడవారిని చాలామంది లెక్కలోకి తీసుకోరు. వారు పీల్చిన దుమ్మూ అదే.

సిద్ధం చేసుకోవలసినవి

- ఆధార్ కార్డు, ఆరోగ్యశ్రీ లేదా ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు, ఈఎస్ఐ కార్డు ఉంటే అదీ.
- పాత ఎక్స్‌రే ఫిల్ములు, అవి ఎంత పాతవైనా సరే.
- గతంలో టీబీ మందులు వాడి ఉంటే ఆ చికిత్స కార్డు.
- పని చేసినట్లు చూపే ఏ కాగితమైనా: పీఎఫ్ పాస్‌బుక్, జీతం చీటీ, గేట్ పాస్, గనిలో ఇచ్చిన వైద్య పరీక్షల సర్టిఫికెట్, గల్ఫ్ వీసా పేజీ.
- ఒక తెల్ల కాగితం, పెన్ను. అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే.

1. ముందు పని చరిత్ర రాయండి

ఓపీలో డాక్టరు "ఏం పని చేస్తావు?" అని అడిగితే మనవాళ్లు నూటికి తొంభైమంది "కూలి పని" అంటారు, లేదా ప్రస్తుతం చేస్తున్న వాచ్‌మన్ ఉద్యోగం పేరు చెబుతారు. ఆ ఒక్క మాటతో దారి తప్పుతుంది. సిలికోసిస్ మచ్చలూ క్షయ మచ్చలూ ఎక్స్‌రేలో ఒకదానినొకటి పోలి ఉండవచ్చు; రాళ్ల దుమ్ము సంగతి తెలియని వైద్యుడు మన ప్రాంతంలో సహజంగా ముందు క్షయనే అనుకుంటాడు, అందులో అతని తప్పేమీ లేదు. కనుక ఆసుపత్రికి వెళ్లకముందే ఇంట్లో కూర్చుని ఈ విధంగా రాసుకోండి:

"1998 నుంచి 2006 వరకు గ్రానైట్ క్వారీ, జాక్‌హామర్ డ్రిల్లింగ్, రోజుకు 8 గంటలు, నీళ్లు పోయకుండా పొడి డ్రిల్లింగ్, ముఖానికి తువ్వాలు మాత్రమే. 2006 నుంచి 2013 వరకు కంకర క్రషర్, జల్లెడ దగ్గర, రోజుకు 10 గంటలు, నీళ్లు చల్లే ఏర్పాటు లేదు. 2013 నుంచి అపార్ట్‌మెంటు వాచ్‌మన్. బీడీలు రోజుకు 10, 2015లో మానేశాను. 2011లో ఆరు నెలలు టీబీ మందులు వాడాను, గళ్ల (కఫం) పరీక్ష చేయలేదు."

సంవత్సరాలు సరిగ్గా గుర్తులేకపోతే పెద్దమ్మాయి పుట్టిన ఏడు, ఇల్లు కట్టిన ఏడు వంటి గుర్తులతో లెక్క వేయండి. పీఎఫ్ ఉన్నవారు యూఏఎన్ నంబరుతో ఈపీఎఫ్ఓ పోర్టల్‌లో సర్వీస్ వివరాలు తీసుకోవచ్చు. గనిలో పనిచేసినవారికి అయిదేళ్లకొకసారి వైద్య పరీక్ష జరగాలన్నది పాత గనుల నియమాలలోనే ఉంది కనుక, అప్పటి ఎక్స్‌రే, సర్టిఫికెట్ నకలు కావాలని యాజమాన్యాన్ని రాతపూర్వకంగా అడగండి.

ఇక్కడ జరిగే పొరపాటు ఒకటుంది. కాంట్రాక్టరు కింద వేరొకరి పేరు మీద హాజరు వేయించుకుని పనిచేసినవారు ఆ సంగతి దాస్తారు. వైద్యుడి దగ్గర దాచవలసిన పని లేదు. మీరు చేసిన పనిని మీ పేరు మీదే రాయండి, మీతో కలిసి పనిచేసిన ఇద్దరి పేర్లు పక్కన రాసి పెట్టుకోండి.

2. సరైన చోటికి వెళ్లండి

మొదట జిల్లా ప్రభుత్వాసుపత్రి లేదా వైద్య కళాశాల ఆసుపత్రిలోని ఛాతీ వ్యాధుల విభాగానికి వెళ్లండి. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రి, విశాఖపట్నంలో చినవాల్తేరు ఛాతీ ఆసుపత్రి ఇందుకు తగినవి. ఈఎస్ఐ పరిధిలో ఉండి పదవీ విరమణ చేసినవారు, కనీసం అయిదేళ్లు బీమా కింద పనిచేసి ఉంటే, ఏడాదికి 120 రూపాయలు కట్టి భార్యతో లేదా భర్తతో సహా ఈఎస్ఐ వైద్యం కొనసాగించుకోవచ్చు. చాలామందికి ఈ సౌకర్యం ఉన్నట్లే తెలియదు.

వెళ్లకూడని చోటు కూడా చెప్పాలి. ఆయాసం రాగానే ఊళ్లోని ఆర్‌ఎంపీ దగ్గర ఇంజెక్షన్ వేయించుకుంటే రెండు రోజులు హాయిగా ఉంటుంది. అందులో స్టెరాయిడ్ ఉంటే, లోపల దాగిన క్షయ విజృంభించే ప్రమాదం ఉంది. పరీక్షలు పూర్తయ్యేదాకా ఆ ఇంజెక్షన్ల జోలికి పోవద్దు, ఇప్పటికే వేయించుకుని ఉంటే ఆ మాట డాక్టరుకు చెప్పండి.

రెండు వారాలకు మించి దగ్గు, సాయంత్రపు జ్వరం, బరువు తగ్గడం, గళ్లలో రక్తం ఉంటే మిగతా మెట్లు పక్కనపెట్టి నేరుగా 4వ మెట్టుకు వెళ్లండి. ఉన్నట్టుండి ఛాతీలో ఒకవైపు పోటు, దానితోపాటు ఆయాసం వస్తే ఆ పూటే అత్యవసర విభాగానికి వెళ్లాలి, ఎందుకంటే సిలికోసిస్ ఉన్నవారిలో ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరే ప్రమాదం ఉంటుంది.

3. ఛాతీ ఎక్స్‌రే

పరీక్షలకు ఇది పునాది. నిలబెట్టి, వీపు వైపు నుంచి తీసే ఎక్స్‌రే కావాలి; టెక్నీషియన్లు దానిని పీఏ వ్యూ అంటారు. మెడలోని తాయెత్తు, గొలుసు, మంగళసూత్రం, లోహపు గుండీలున్న చొక్కా తీసేయండి, ఆడవారు జడను పైకి ముడుచుకోవాలి. టెక్నీషియన్ "గాలి పీల్చి ఆపు" అన్నప్పుడు నిండుగా పీల్చి ఆపడమే అసలు కిటుకు. ఆయాసం ఉన్నవారు క్యూలో నడిచి వచ్చి వెంటనే నిలబడితే ఊపిరి ఆపలేరు, ఫిల్ము మసకబారుతుంది. కాబట్టి అయిదు నిమిషాలు కూర్చుని, అలుపు తీరిన తరువాతే వస్తానని నిర్మొహమాటంగా చెప్పండి.

బయటికి వచ్చేముందు అక్కడే ఫిల్మును వెలుతురుకు పెట్టి చూడండి. మీ పేరు, వయసు, తేదీ సరిగ్గా ఉన్నాయా? పైన ఊపిరితిత్తుల కొసల నుంచి కింద రెండు మూలల దాకా మొత్తం పడిందా? ఏ మూల తెగిపోయినా మళ్లీ తీయమని అడగండి. డిజిటల్ ఎక్స్‌రే అయితే సీడీ కూడా ఇమ్మనండి. ఫిల్మును ఫోనుతో ఫొటో తీసి వాట్సాప్‌లో పంపి "ఇది సిలికోసిసేనా చెప్పండి" అని అడగడం మామూలైపోయింది. మిల్లీమీటరున్నర కూడా లేని చుక్కలను చదవవలసిన చోట ఆ ఫొటో ఎందుకూ పనికిరాదు.

తరువాత, ఆ ఎక్స్‌రేను ఐఎల్‌ఓ వర్గీకరణ ప్రకారం చదివి రాయమని కోరండి. అంతర్జాతీయ కార్మిక సంస్థ రూపొందించిన ఈ పద్ధతిలో మీ ఫిల్మును ప్రామాణిక ఫిల్ములతో పోల్చి చుక్కల సాంద్రతకు అంకె వేస్తారు. అన్ని ఆసుపత్రులలో ఇది చదవగలవారు ఉండరు. లేనిచోట ఛాతీ విభాగం నుంచి వైద్య కళాశాలకు రిఫరల్ రాయించుకోండి. వృత్తిరోగాల మీద పనిచేసే జాతీయ సంస్థ అహ్మదాబాద్‌లో ఉంది, దానికి బెంగళూరులో ప్రాంతీయ కేంద్రం ఉంది. ఒక ఊరి నుంచి పదిమందికి పైగా ఉన్నప్పుడు జిల్లా వైద్యాధికారి ద్వారా వారిని సంప్రదించడం ఒక మార్గం.

ప్రత్యామ్నాయం: ఎక్స్‌రే బాగానే ఉండి ఆయాసం మాత్రం పెరుగుతూ ఉంటే హెచ్‌ఆర్‌సీటీ (ఊపిరితిత్తులను సూక్ష్మంగా చూపే సీటీ) స్కాన్ గురించి అడగండి, అది తొలి మచ్చలను ఎక్స్‌రే కంటే బాగా పట్టుకుంటుంది. అలాగని మొదటిరోజే ప్రైవేటు సెంటర్‌కు వెళ్లి స్కాన్ తీయించుకోవద్దు. ఖర్చూ ఎక్కువే, శరీరానికి తగిలే రేడియేషనూ ఎక్కువే.

4. గళ్ల పరీక్ష

సిలికా దుమ్ము పీల్చిన ఊపిరితిత్తిలో క్షయ సులువుగా పట్టుకుంటుంది, రెండూ కలిసి ఉండడం కూడా అరుదు కాదు. అందువల్ల దగ్గు గానీ ఎక్స్‌రేలో అనుమానం గానీ ఉంటే క్షయ క్రిములను గుర్తించే సీబీనాట్ లేదా ట్రూనాట్ యంత్రం మీద గళ్ల పరీక్ష చేయించాలి. ప్రభుత్వ టీబీ కార్యక్రమం కింద ఇది ఉచితం. ఉదయం లేవగానే నోరు నీళ్లతో పుక్కిలించి, లోతుగా రెండు మూడుసార్లు ఊపిరి తీసుకుని, దగ్గి లోపలి నుంచి తెచ్చిన చిక్కని గళ్లనే డబ్బాలో వేయాలి. ఉమ్మి వేసి ఇస్తే "నెగెటివ్" అని వస్తుంది, దాన్ని నమ్మడానికి లేదు. గళ్ల అసలే రాకపోతే ఆ మాట చెప్పండి, ఉప్పునీటి ఆవిరి పట్టి తెప్పించే పద్ధతి ఉంది.

నేను చూసిన ఒక క్వారీ మేస్త్రి సంచిలో మూడు టీబీ చికిత్స కార్డులు ఉన్నాయి. మూడింటిలో ఒక్కదానిలో కూడా గళ్ల పరీక్షలో క్రిములు కనబడినట్లు లేదు, ఏ కార్డులోనూ అతని పని గురించి ఒక్క అక్షరం లేదు. మందులు వాడినా ఎక్స్‌రే మారకపోతే, "క్షయ నిర్ధారణ అయిందా, లేక ఎక్స్‌రే చూసి మందులు మొదలుపెట్టారా?" అని తప్పక అడగండి. దీనికి ఎదురు తప్పు కూడా అంతే ప్రమాదం: "నాది రాళ్ల దుమ్ము జబ్బే" అని తేల్చేసుకుని, నిర్ధారణ అయిన క్షయకు మందులు మధ్యలో మానేయడం.

సిలికోసిస్ ఉండి క్షయ లేదని తేలితే, క్షయ రాకుండా ముందుజాగ్రత్త చికిత్స తనకు వర్తిస్తుందా అని అడగండి. 2021 నాటి జాతీయ మార్గదర్శకాలలో సిలికోసిస్ రోగులను కూడా చేర్చారు. అడగనిదే గుర్తుచేసేవారు తక్కువ.

5. ఊదే పరీక్ష

స్పైరోమెట్రీ అనే ఈ పరీక్ష మీ ఊపిరితిత్తులు ఎంత గాలి పట్టగలవో, ఎంత వేగంగా వదలగలవో కొలుస్తుంది. ముక్కుకు క్లిప్పు పెట్టి, నోట్లో గొట్టం ఉంచి, నిండుగా పీల్చి ఒక్కసారిగా వదలమంటారు. పక్కన టెక్నీషియన్ "ఊదండి, ఊదండి, ఇంకా ఊదండి" అని అరుస్తూనే ఉంటాడు, కోప్పడుతున్నాడని అనుకోకండి, అది పరీక్షలో భాగమే.

వెళ్లేముందు కడుపు నిండా తినవద్దు. కనీసం గంట ముందు నుంచి బీడీ, సిగరెట్ తాగవద్దు. ఇన్‌హేలర్ వాడేవారు ఏది ఎన్ని గంటల ముందు ఆపాలో అపాయింట్‌మెంట్ రోజే అడిగి తెలుసుకోవాలి. ఈ మధ్య గుండెపోటు వచ్చినవారు, కంటి ఆపరేషన్ అయినవారు, గళ్లలో రక్తం పడుతున్నవారు ఈ పరీక్ష చేయించుకోకూడదు. క్షయ అనుమానం ఉంటే గళ్ల ఫలితం వచ్చాకే.

ఫలితం నమ్మదగినదా కాదా అని మీరే కొంత చూసుకోవచ్చు. కాగితం మీద కనీసం మూడు గీతలు ఉండాలి, అవి దాదాపు ఒకదాని మీద ఒకటి పడాలి. రెండు ఉత్తమ ప్రయత్నాల మధ్య తేడా 150 మిల్లీలీటర్లకు మించకూడదు. పెదవుల పక్కనుంచి గాలి పోయినా, మధ్యలో దగ్గినా, సగంలో ఆపేసినా లెక్క తక్కువ వచ్చి మీకు లేని జబ్బు ఉన్నట్లు కనబడుతుంది. వయసు, ఎత్తు సరిగ్గా రాశారో లేదో చూడండి, యంత్రం మీకు ఉండవలసిన అంకెను లెక్కించేటప్పుడు ఆ రెంటినీ ఆధారంగా తీసుకుంటుంది, ఎత్తు కొలవకుండా "అయిదున్నర అడుగులు ఉంటావా?" అని రాసేసిన రిపోర్టులను నేను చాలా చూశాను.

6. మిగిలిన చిన్న పరీక్షలు

వేలికి పెట్టే ఆక్సిజన్ యంత్రం రీడింగును కూర్చున్నప్పుడు ఒకసారి, ఆరు నిమిషాలు నడిచాక ఒకసారి రాయించుకోండి. కూర్చున్నప్పుడు 97 ఉండి నడిచాక 90కి పడిపోయిందంటే కూర్చున్నప్పటి అంకె మాత్రమే చూసి సంతోషించడానికి లేదు. గోరు రంగు తుడుచుకుని, చేయి వెచ్చగా ఉన్నప్పుడు పెట్టాలి. సిలికా మూత్రపిండాలకు కూడా హాని చేయగలదు కనుక క్రియాటినిన్, మూత్రంలో ప్రోటీన్ పరీక్షలు చేయించండి. కీళ్లనొప్పులు, చలికి వేళ్లు తెల్లబడడం ఉంటే ఆ సంగతి కూడా చెప్పండి.

7. రిపోర్టు చేతికొచ్చాక

ఐఎల్‌ఓ పద్ధతిలో చదివిన రిపోర్టులో 0/- నుంచి 3/+ వరకు అంకెలు కనబడతాయి. 0/-, 0/0, 0/1 అంటే సున్నా వర్గం. 1/0 నుంచి ఒకటవ వర్గం మొదలవుతుంది. 1/0 అంటే చదివినవారు సున్నా వర్గం అనే అవకాశాన్ని కూడా గట్టిగా ఆలోచించి చివరకు ఒకటిలో వేశారని అర్థం, కనుక అటువంటి రిపోర్టును రెండవ నిపుణుడితో చదివించడం తప్పు కాదు. పి, క్యూ, ఆర్ అనేవి గుండ్రని చుక్కల పరిమాణాన్ని చెబుతాయి. ఏ, బీ, సీ అని ఉంటే చుక్కలు కలిసి సెంటీమీటరుకు మించిన ముద్దలయ్యాయని అర్థం. అప్పుడు ఆలస్యం లేకుండా ఛాతీ నిపుణుడి పర్యవేక్షణలోకి వెళ్లాలి.

"నార్మల్" అని వస్తే సంతోషమే, కానీ ఈ రోజుకు మాత్రమే నార్మల్. మళ్లీ ఎప్పుడు రావాలో డాక్టరు చేత రాయించుకోండి. సాధారణంగా రెండు మూడేళ్లకొకసారి ఎక్స్‌రే అడుగుతారు, మచ్చలు ఉన్నవారికి అంతకంటే తరచుగా. కొత్త ఎక్స్‌రేను పాతదాని పక్కన పెట్టి చూస్తేనే ముదిరిందో లేదో తెలుస్తుంది, పాత ఫిల్ములు పారేయవద్దనడం అందుకే.

ఏ ఫలితం వచ్చినా బీడీ మానేయాలి, ఫ్లూ, న్యుమోనియా టీకాల గురించి అడగాలి, మళ్లీ దుమ్ము పనికి వెళ్లకూడదు. బెల్లం ముక్క తింటే దుమ్ము కిందికి దిగిపోతుందని క్రషర్లలో రోజూ బెల్లం పంచే అలవాటు నేటికీ ఉంది; బెల్లం వెళ్లేది కడుపులోకి, దుమ్ము ఉన్నది ఊపిరితిత్తుల్లో.

8. కాగితం మీద రాయించుకోవలసినది

జబ్బు ఉందని తేలితే, ఓపీ చీటీ మీద "సిలికోసిస్" అనే మాట, చేసిన పని, ఎన్నేళ్లు చేశారు, ఎక్స్‌రే వర్గం, నిర్ధారణ తేదీ, వైద్యుడి సంతకం, రిజిస్ట్రేషన్ నంబరు ఉండేలా చూసుకోండి. "దీర్ఘకాలిక దగ్గు" అని మాత్రమే రాస్తే తరువాత ఏ కార్యాలయంలోనూ పనికిరాదు. సిలికోసిస్ ప్రభుత్వానికి తెలియజేయవలసిన వృత్తిరోగం. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో ఉన్న ఈ బాధ్యత, 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన కొత్త కార్మిక స్మృతులలోనూ కొనసాగుతోంది. కనుక "పై అధికారులకు నివేదిక పంపుతారా?" అని వైద్యుడిని మర్యాదగా అడగవచ్చు. ఈఎస్ఐ పరిధిలో ఉన్నవారి విషయంలో వృత్తిరోగమా కాదా అన్నది ప్రత్యేక వైద్య మండలి తేలుస్తుంది. నష్టపరిహారపు దావాలకు గడువు ఉంటుంది, 1923 నాటి పాత చట్టంలో అది రెండేళ్లు. నిర్ధారణ తేదీ కాగితం మీద పడిన నెలలోనే కార్మిక శాఖ కార్యాలయంలో లేదా జిల్లా ఉచిత న్యాయసేవల సంస్థలో అడిగి మీకు ఏ చట్టం, ఏ గడువు వర్తిస్తుందో తెలుసుకోండి. అసలు కాగితాలు ఎవరికీ ఇవ్వవద్దు, జిరాక్సులే ఇవ్వండి.

9. మీ జట్టులోని వారిని వెతకండి

ఒకే కంప్రెషర్ మీద, ఒకే జల్లెడ దగ్గర పనిచేసినవారిలో ఒకరికి మచ్చలు కనబడ్డాయంటే మిగతావారు కూడా అదే దుమ్ము పీల్చినట్లు. 1వ మెట్టులో మీరు రాసిన కాగితాన్ని ముందుపెట్టుకుని ఒక్కో చోట మీతో ఉన్నవారి పేర్లు, ఇప్పుడు ఉంటున్న ఊరు, ఫోను నంబరు రాయండి. వలస వెళ్లినవారి సంగతి వారి ఊరి ఆశా కార్యకర్తను అడిగితే తరచు తెలుస్తుంది. చనిపోయినవారి పేర్లు కూడా వదలవద్దు; ఏ వయసులో పోయారో, "టీబీతో" పోయారని ఇంట్లోవారు చెప్పారా అన్నది పక్కన రాసి, తరువాతి అపాయింట్‌మెంట్‌కు వెళ్లేటప్పుడు ఆ జాబితాను కూడా డాక్టరు బల్ల మీద పెట్టండి.